సాగర్ నీళ్ళూ, కె.ఎల్.రావు గారూ, నా దారీ

ఈ సంచికకి ఒక పెద్దమనిషి జీవితం రాయమని క్లబ్బులో అడిగినప్పుడు నాకు వేరే పేరు తట్టలేదు. మాది నాగార్జునసాగర్ కుడికాలువ చివరి ఆయకట్టు. మిర్చి, పత్తి వేస్తాం. ఆ ప్రాజెక్టు వెనక ఉన్న ఇంజనీర్లలో ముందు వరసలో చెప్పాల్సిన పేరు డాక్టర్ కానూరి లక్ష్మణరావు. అందరికీ తెలిసిన కె.ఎల్.రావు గారు. సివిల్ వాళ్ళకి ఆయన తెలిసే ఉంటారు, మిగతా బ్రాంచిల వాళ్ళు కూడా ఒక్క ఐదు నిమిషాలు చదవండి.

ఆయన 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. తండ్రి ఊరి కరణం. రావు గారికి తొమ్మిదేళ్ళప్పుడే ఆయన పోయారు. స్కూల్లో ఆడుకుంటుంటే దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. రోజంతా డ్రాయింగుల మీద వంగి కూర్చోవాల్సిన చదువుని ఆ మిగిలిన కంటితోనే చదివారు. గిండీలో బి.ఇ. అయ్యాక, మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ మాస్టర్స్ పట్టా అందుకున్న మొదటి విద్యార్థి అయ్యారు. 1939లో బర్మింగ్‌హామ్ నుంచి పీహెచ్‌డీ. రంగూన్‌లో, ఇంగ్లండ్‌లో పాఠాలు చెప్పారు. స్ట్రక్చరల్ ఇంజనీరింగ్, రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీట్ మీద పుస్తకం రాశారు. అక్కడే ఉండిపోయి ఉంటే హాయిగా ప్రొఫెసర్‌గా రిటైరయ్యేవారు. కానీ తిరిగొచ్చి, 1950లో కేంద్ర జల విద్యుత్ కమిషన్‌లో డిజైన్ల డైరెక్టరయ్యారు.

అప్పటికే నందికొండ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టాలని ముక్త్యాల రాజా గారు పట్టుబట్టి తిరుగుతున్నారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. దేశంలో సిమెంటుకీ స్టీలుకీ కటకటగా ఉన్న రోజులవి. అందుకని కాంక్రీటు డ్యామ్ కాకుండా రాతికట్టడం ఎంచుకున్నారు. దగ్గర్లో దొరికే రాయి, వేలమంది కూలీల చేతులు. అలా దాదాపు 124 మీటర్ల ఎత్తు లేచింది. ఇప్పుడు మనం క్లాసులో లోకల్ మెటీరియల్స్, సస్టెయినబిలిటీ అని స్లైడ్లు చూస్తున్నాం కదా, ఆ లెక్క వాళ్ళు అవసరం కొద్దీ అప్పుడే వేసేశారు.

1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. వాన పడితే పంట, లేకపోతే వలస అన్నట్టు బతికిన పల్నాడు, వినుకొండ, అద్దంకి, దర్శి మెట్ట నేలలకి కుడికాలువ కొత్త బతుకు చూపించింది. గుంటూరు యార్డులో ఎర్రగా కనిపించే మిర్చి కుప్పల్లో ఈ కాలువ నీటి వాటా చాలానే ఉంది.

రావు గారు విజయవాడ నుంచి మూడుసార్లు ఎంపీగా గెలిచారు. 1963 నుంచి 1973 దాకా కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖలు చూశారు. 1963లోనే పద్మభూషణ్ వచ్చింది. ఆత్మకథకి కూడా ‘ది క్యూసెక్స్ కాండిడేట్’ అని పేరు పెట్టుకున్న మనిషి! 1972లో గంగా-కావేరి అనుసంధానం ప్రతిపాదించారు. 2,640 కిలోమీటర్ల కాలువ. గంగ నుంచి వరద రోజుల్లో 60,000 క్యూసెక్కులు ఎత్తిపోయాలి. దానికి కావాల్సిన కరెంటూ, ఖర్చూ చూసి అది పక్కన పడింది. కానీ నదుల అనుసంధానం గురించి ఈనాటికీ జరుగుతున్న చర్చకి మూలాల్లో అదొకటి.

ఆయన్ని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. సాగర్ కింద నాగార్జునకొండ లోయ, అక్కడి ఊళ్ళు మునిగిపోయాయి. బౌద్ధ కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికీ, ఒడ్డుకీ తరలించుకోగలిగాం, అంతే. పూడిక చేరి, మొదట 408 టీఎంసీలున్న జలాశయం ఇప్పుడు 312కి దిగింది. 1986 మే 18న రావు గారు కన్నుమూశారు. ఆ తర్వాత ఏడాదే, 1987-88లో, తెల్లదోమ ఎంత మందు కొట్టినా లొంగక, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. నీళ్ళు ఒక్కటే రైతుని కాపాడవని మా జిల్లాలు చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాయి.

నా దారి ఇక్కడే తేలింది. ఆయన తరం నీళ్ళు తెచ్చింది. తెచ్చిన నీళ్ళనీ, నేలనీ నిలబెట్టుకోవడం మన తరం పని. మా నాన్నకి నేను సాఫ్ట్‌వేర్‌లో చేరితే బావుండునని ఉంది. అప్పులు చూసిన మనిషి, ఆయన్ని తప్పుపట్టలేను. రెండేళ్ళు టైమ్ అడిగాను. గేట్ రాసి నీటి వనరుల ఇంజనీరింగ్‌లో ఎం.టెక్ చేస్తాను. కాలువ చివరి భూములకి నీళ్ళు ఎందుకు చేరడం లేదో, మిర్చికి డ్రిప్ పెడితే ఎంత మిగులుతుందో, పూడికని ఎలా తగ్గించాలో, ఈ పనులే నా ఉద్యోగం కావాలి. జీతం మొదట్లో తక్కువే ఉంటుందని తెలుసు.

కృష్ణా డెల్టాకి అదనుకి నీళ్ళందించడానికి కట్టిన పులిచింతల ప్రాజెక్టుకి రావు గారి పేరే పెట్టారు. మన పేరు దేనికీ పెట్టక్కర్లేదు. ఫైనలియర్ ప్రాజెక్టుగా మా ఊరి కాలువలో తూము తూముకీ ఎంత నీరు పోతోందో కొలవాలనుకుంటున్నాను. సెన్సర్లు చేయడానికి ఈసీఈ వాళ్ళు ఇద్దరు, లెక్కలు కట్టడానికి సీఎస్ఈ వాళ్ళు ఒకరు కావాలి. ఆసక్తి ఉంటే చెప్పండి. భోజనం మా ఇంట్లోనే, కాకపోతే కారం కాస్త ఎక్కువుంటుంది.