గోదావరి అవతలి ఒడ్డు సుబ్బారావు గారు

యల్లాప్రగడ సుబ్బారావు గారిది భీమవరం. మా రోజుల్లో సఖినేటిపల్లి రేవులో పంటు దాటి, నరసాపురంలో బస్సెక్కితే వచ్చే ఊరే. 1895లో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు (వెనక బెంచీ మిత్రులు గమనించాలి). మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టారు. స్ప్రూ జబ్బుతో అన్నదమ్ములిద్దరు పోయారు. ఆ జబ్బుకు పనికొచ్చిన ఫోలిక్ ఆమ్లాన్ని తర్వాత అమెరికాలో, లెడర్లీ కంపెనీలో ఆయన బృందమే తయారుచేసింది. మన జిల్లాల్లో పంచే బోదకాలు మందు డి.ఇ.సి. కూడా అక్కడిదే.

ఇంజనీరుగా నాకు బాగా నచ్చేది 1929 నాటి పని. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరంలో ఏ.టి.పి.ని కనుక్కున్నారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనుక్కున్నాడు. ఒంట్లో ప్రతి కణానికీ అదే ఇంధనం. అందులోంచి ఒక ఫాస్ఫేటు ఊడితే మిగిలేది ఏ.డి.పి. రక్తనాళం దెబ్బతిన్నచోట ఈ ఏ.డి.పి. బయటపడగానే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వేలు తెగితే అది మేలే. గుండె రక్తనాళంలో అయితే గడ్డకట్టి గుండెపోటు తెస్తుంది. ఏ.డి.పి. చేసే ఈ పనిని నార్వే శాస్త్రజ్ఞులు 1961లో తేల్చారు. స్టెంటు పడ్డాక నేను రోజూ వేసుకునే క్లోపిడోగ్రెల్, ప్లేట్‌లెట్ మీద ఏ.డి.పి. పట్టుకునే చోటును మూసేస్తుంది.

సుబ్బారావు గారి కాలానికి ఆ మాత్ర లేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, అమెరికాలో నిద్రలో గుండెపోటుతో పోయారు. వెళ్లాక ఒక్కసారీ మన దేశం రాలేకపోయారు.