జీవకుడు: పెంటకుప్ప నుండి బుద్ధుని వైద్యుడి దాకా

 

మన ఎర్రగుంట్ల చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, నాపబండలు కోసే మిషన్లు. ఆ దుమ్ములో పొద్దంతా పనిచేసి ఇంటికొస్తే ముక్కు దిబ్బడ, నొసటి మీద బరువు, వంగితే తలకాయ పగిలేంత నొప్పి. ఈ బాధ మీలో చాలామందికి తెలుసు. డాక్టర్లు దీన్ని సైనసైటిస్ అంటారు. కొందరు దిష్టి అని తాయెత్తు కట్టించుకుంటారు. కొందరు పూర్వజన్మ కర్మ అని ఊరుకుంటారు. మీరు ఆ రెండూ చేయొద్దు. ముందు జీవకుని కథ వినండి.

రాజగృహంలో సాలవతి అనే గణికకు పుట్టిన మగబిడ్డను చేటలో పెట్టి పెంటకుప్ప మీద పారేయించారు. చుట్టూ కాకులు మూగాయి. అటు వచ్చిన అభయ రాకుమారుడు చూసి, బిడ్డ బతికే ఉందని తెలుసుకుని ఇంటికి తెప్పించాడు. బతికి ఉన్నాడు గనుక జీవకుడని పేరు. రాకుమారుడు పెంచాడు గనుక కోమారభచ్చుడన్నారు.

చేతిలో విద్య లేకుంటే రాజుల ఇంట బతకడం కష్టమని గ్రహించి జీవకుడు తక్షశిలకు పోయి ఏడేళ్లు వైద్యం చదివాడు. మందుకు పనికిరాని మొక్క ఒక్కటి తెమ్మని గురువు పరీక్ష పెట్టాడు. ఊరి చుట్టూ యోజనం మేర తిరిగినా అతనికి అలాంటి మొక్క దొరకలేదు. గురువు అతన్ని సంతోషంగా పంపించాడు.

తిరుగుదారిలో సాకేతంలో ఒక శ్రేష్ఠి భార్యకు ఏడేళ్లుగా తలజబ్బు. పేరున్న వైద్యులు బంగారం తీసుకుపోయారే గానీ నయం చేయలేదు. జీవకుడు నయమయ్యాకే ఇమ్మన్నాడు. మందులు వేసి కాచిన పిడికెడు నెయ్యిని ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి ముక్కులో పోశాడు. జబ్బు పోయింది. ఆ ఇంటివాళ్లు పదహారు వేలు ఇచ్చారు. అదంతా తెచ్చి తనను పెంచిన అభయుని ముందు పెట్టాడు. ఆయన తీసుకోలేదు.

అది సైనసేనని గ్రంథం చెప్పదు. అయితే తల బాధకు ముక్కు ద్వారా వైద్యం అప్పటికే ఉంది. తలనొప్పితో బాధపడిన పిలిందవచ్ఛ భిక్షువు కోసం బుద్ధుడు ముక్కులో మందు వేయడానికీ, పొగ పీల్చడానికీ అనుమతించాడని వినయ పిటకం చెబుతుంది. తర్వాత జీవకుడు బింబిసారునికీ, బుద్ధునికీ, సంఘానికీ వైద్యుడయ్యాడు. తన మామిడితోటను సంఘానికి దానమిచ్చాడు. బాబాసాహెబ్ కూడా ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’లో జీవకునికి చోటిచ్చాడు.

ఇప్పుడు మన బాధకు కారణం చూడండి. నొసటి ఎముకలో, బుగ్గ ఎముకల్లో గాలి గదులున్నాయి. వాటి తడి సన్నని దారుల గుండా ముక్కులోకి కారిపోవాలి. జలుబు, అలర్జీ, దుమ్ము వల్ల లోపలి పొర వాస్తే ఆ దారి మూసుకుపోతుంది. చీమిడి లోపలే నిలిచి నొప్పి పుడుతుంది. కారణం ఉంది గనుక ఫలితం ఉంది. కారణాన్ని తొలగిస్తే బాధ తగ్గుతుంది. ధమ్మం చెప్పేదీ ఇదే.

పనిలో ముక్కుకు మాస్కు కట్టండి. కాచి చల్లార్చిన పావు లీటరు నీళ్లలో పావు నుంచి అర టీస్పూను ఉప్పు కలిపి ముక్కు కడుక్కోండి. బోరు నీళ్లు కాచకుండా ముక్కులో పోయొద్దు. జీవకుని మాదిరి నెయ్యి, నూనె మీరే పోసుకోవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. బీడీ మానండి. ఎక్కువసార్లు ఇది వైరస్ వల్లే వచ్చి పది రోజుల్లో తగ్గుతుంది. అందుకని అడగ్గానే యాంటీబయాటిక్ కొనుక్కోవద్దు. పది రోజులు దాటినా, తగ్గి మళ్లీ ముదిరినా డాక్టరును కలవండి. కన్ను వాచినా, చూపు మసకబారినా, మెడ బిగుసుకున్నా, గట్టి జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి పోండి.

జీవకుని పుట్టుక గురించి రోగులెవరూ అడగలేదు, అతని విద్యనే నమ్మారు. మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. పెంటకుప్ప మీద పడేసిన బిడ్డ చదువుతో బుద్ధునికే వైద్యుడయ్యాడని చెప్పండి. తాయెత్తుకు పెట్టే డబ్బు వాళ్ల పుస్తకాలకు పెట్టండి.

భవతు సబ్బ మంగళం!