గడ్డిమైదానముల గాథాకర్త్రి: లారా ఇంగాల్స్ వైల్డర్

అమెరికా సంయుక్త రాష్ట్రముల నడిమి భాగమున వందలాది మైళ్లు వ్యాపించిన గడ్డిమైదానములు కలవు. పడమటికి పోయినకొలది అచట వానలు తక్కువ, వృక్షములు అరుదు. ఆ సీమకు వలసపోయిన కర్షకుల కష్టసుఖములను లోకమునకు తెలిపిన రచయిత్రి లారా ఇంగాల్స్ వైల్డర్. ఆమె 1867 ఫిబ్రవరి 7వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రమున పెపిన్ సమీపమున జన్మించెను. తండ్రి చార్లెస్, తల్లి కారొలిన్.

1862 నాటి హోంస్టెడ్ చట్టము ప్రకారము, ఐదేండ్లు కాపురముండి సాగుచేసినవారికి స్వల్పమైన రుసుముపై 160 ఎకరముల భూమి లభించెడిది. సొంత భూమిపై గల ఆశయే వేలాది కుటుంబములను ఆ బయళ్లకు నడిపించెను. అయితే ఆ నేలలు అంతకు పూర్వము అచటి ఆదిమజాతులవి. ఇంగాల్స్ కుటుంబము కాన్సాసులో మొదట దిగిన చోటు ఓసేజ్ జాతివారిది. 1871లో వారు దానిని విడిచి వచ్చిరి.

పిమ్మట మిన్నెసోటాలో వాగుగట్టును తొలిచి చేసిన మట్టియింట కొంతకాలము నివసించిరి. మిడుతలదండు పైబడి గోధుమ పైరును నాశనము చేసెను. 1879లో అక్క మేరీ వ్యాధిచే చూపు కోల్పోయెను. ఆ యేడే వారు డకోటా సీమకు చేరిరి. అచట కలప దొరకని రైతులు, గడ్డివేళ్లతో బిగిసిన మట్టిపెళ్లలను ఇటుకలవలె పేర్చి ఇండ్లు కట్టుకొనిరి. 1880-81 శీతకాలమున మంచుతుపానులచే రైళ్లు నెలల తరబడి నిలిచిపోయెను. బొగ్గు కరవైనందున ఇంగాల్స్ వారు ఎండుగడ్డిని త్రాళ్లవలె మెలివేసి పొయ్యిలో కాల్చిరి. పిండి అయిపోగా గోధుమలను కాఫీమరలో విసరి రొట్టెలు చేసికొనిరి.

1885లో లారా అల్మాంజో వైల్డర్ అను రైతును వివాహమాడెను. అనావృష్టి పంటలను ఎండగట్టెను, అప్పులు పెరిగెను. వ్యాధిచే భర్త కాళ్ల సత్తువ తగ్గెను. 1889లో పసిబిడ్డ మరణించెను, ఇల్లు కాలిపోయెను. వర్షము చాలని చోట 160 ఎకరములును ఒక సంసారమునకు చాలవని ఎందరో కర్షకులు అనుభవముచే గ్రహించిరి. 1894లో ఆ దంపతులు మిస్సోరి రాష్ట్రమున మాన్స్‌ఫీల్డ్‌కు తరలి, రాతినేలను బాగుచేసి, ఆపిలు తోటలు, కోళ్లు, పశువులు పెంచి క్రమముగా నిలద్రొక్కుకొనిరి.

1911 నుండి ఆమె ఒక వ్యవసాయ పత్రికకు వ్యాసములు వ్రాసెను. 1932లో, 65వ యేట, తొలి గ్రంథము వెలువడెను. కుమార్తె రోజ్ ఆ రచనలను దిద్దుటలో తోడ్పడెను. 1957 ఫిబ్రవరి 10వ తేదీన, 90 ఏండ్లు నిండిన మూడవనాడు, లారా పరమపదించెను. మిడుతలు తినివేసిన పైరు మరల రాలేదు. ఆ కాపువారి శ్రమ మాత్రము ఆమె గ్రంథములలో నిలిచి, నేటికిని బాలబాలికలచే చదువబడుచున్నది.