డాక్టర్ బర్కిట్ గీసిన పటం

సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని సంఘం వారు అడిగారు. ఆదోనిలో మాతో పటాలు గీయించిన సోషల్ అయ్యవార్లకు నచ్చుతారని, పాథాలజీ డాక్టరుగా నేను తరచూ తలచుకునే డెనిస్ బర్కిట్ గారిని ఎంచుకున్నాను.

ఆయన 1911లో ఐర్లండులోని ఎనిస్కిలెన్‌లో పుట్టారు. తండ్రి ఇంజనీరు. పక్షుల కాళ్లకు కడియాలు తొడిగి, ఏది ఎంత మేర తిరుగుతుందో పటం వేసేవారు. బర్కిట్‌కు పదకొండో ఏట ప్రమాదంలో ఒక కన్ను పోయింది. అయినా సర్జనై ఉగాండా చేరారు.

మన కర్నూలు మెడికల్ కాలేజీ మొదలైన 1957లోనే, కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో ఆయనకు ఒక పిల్లవాణ్ణి చూపించారు. పై దవడ, కింది దవడ రెండు పక్కలా వాచాయి. కొన్ని వారాలకు జింజాలో ఒక పాపకూ అదే వాపు, కడుపులోనూ గడ్డలు. పాత రికార్డులు తిరగేస్తే దవడ గడ్డ, కిడ్నీ గడ్డ, అండాశయం గడ్డ అని విడివిడిగా రాసినవన్నీ ఒకే జబ్బని తోచింది. 1958లో సార్కోమా అని ప్రచురించారు. అది లింఫోమా అని తేల్చింది ఓకానర్, డేవీస్ అనే పాథాలజిస్టులు. బి-కణాలలో పుడుతుందని ఇంకా తర్వాత తెలిసింది. స్లైడులో ముదురు నీలం కణాలు కిక్కిరిసి, నడుమ నడుమ తెల్లని చుక్కలు. ఎమ్మిగనూరులో ఎండాకాలం మిద్దె మీద పడుకున్నవాళ్లకు ఆ ఆకాశం తెలుసు.

1961లో ఇద్దరు డాక్టర్లతో పాత ఫోర్డ్ బండిలో పది వారాలు, దాదాపు 10,000 మైళ్లు తిరిగారు. ప్రతి ఆసుపత్రిలోనూ ఈ గడ్డ చూశారా అని అడగడమే పని. పటం పూర్తయితే, చలి ప్రాంతాల్లోనూ వాన తక్కువైన చోట్లా జబ్బు లేదు. మలేరియా ఉన్నచోటే ఉంది. దోమ మోసే వైరస్ అనుకున్నారు, అది నిజం కాలేదు. కానీ అదే ఏడు లండన్‌లో ఆయన ఉపన్యాసం విన్న ఎప్‌స్టీన్, గడ్డ ముక్కలు తెప్పించుకొని 1964లో అందులో కొత్త వైరస్‌ను చూపించారు.

కంపాలాలో రేడియేషన్ యంత్రం లేదు. మందులే దిక్కు. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం పనిలోంచి వచ్చింది. కొద్ది మోతాదులకే గడ్డలు కరిగి, కొందరు పిల్లలు పూర్తిగా బతికారు. 1948లోనే పోయిన సుబ్బారావు గారు అది చూడలేదు.

1966లో ఇంగ్లండు వెళ్లాక బర్కిట్ గారు తిండిలో పీచు ఉండాలని ఊరూరా చెప్పారు. 1993లో పోయారు. మన జొన్నరొట్టె ఒకసారి ఆయనకు పెట్టి ఉండాల్సింది.