దోమల లెక్క తేల్చిన రాస్

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా క్రిమిని గుర్తించిన రొనాల్డ్ రాస్ పేరు తెలుగువారికి సుపరిచితమే. ఆ తర్వాత ఆయన వేసిన లెక్కను మాత్రం ఎరిగినవారు తక్కువ.

1857లో అల్మోరాలో జన్మించిన రాస్, సైనికాధికారి అయిన తండ్రి కోరికపై వైద్యుడయ్యారు. మనసు మాత్రం కవిత్వం, గణితాలపైనే ఉండేది. 1902లో నోబెల్ బహుమతి లభించినా ఆయన తృప్తిపడలేదు. దోమలను అణచమని ప్రభుత్వాలకు చెబితే, దోమలన్నింటినీ చంపడం ఎవరి తరమన్న ప్రశ్న ఎదురయింది. లాహోరు సమీపాన మియాన్ మీర్ కంటోన్మెంటులో జరిగిన ప్రయత్నం విఫలమైందన్న వాదన ఆ సందేహాన్ని బలపరచింది.

1908లో మారిషస్ మలేరియాపై నివేదిక రాస్తూ రాస్ సమాధానాన్ని గణితంలో వెదికారు. రోగి నుంచి దోమకు, దోమ నుంచి మరొకరికి క్రిమి చేరే అవకాశాలను గుణించి చూశారు. జనాభాతో పోల్చిన దోమల సంఖ్య ఒక హద్దుకు దిగువన ఉంటే, ఒక్కొక్క రోగి నుంచి సగటున ఒక్కరికైనా వ్యాధి సోకదు. జబ్బు క్రమేణా సమసిపోతుంది. సమూల సంహారం అవసరం లేదు.

ఆయన ప్రభావంతో గణితంవైపు మళ్ళిన మెకెండ్రిక్, కెర్మాక్‌తో కలిసి 1927లో ఈ హద్దు భావనను ఇతర అంటువ్యాధులకు విస్తరించి, 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణాలతో సరిచూశారు. 2020లో కోవిడ్ అంచనాలకూ పునాది ఇదే.

రాస్ 1932లో లండన్‌లో కన్నుమూశారు. మనదేశంలో 1965 నాటికి సుమారు లక్షకు దిగిన మలేరియా కేసులు, జాగ్రత్తలు సడలడంతో 1976లో 60 లక్షలను మించాయి. హద్దు మరువరాదన్నదే ఆయన లెక్కలోని సారం.