ఉద్యోగం చేపలతో.. మనసు కవచాలతో!

రెజ్యూమే చివర్లో ‘హాబీస్’ అని ఓ లైన్ ఉంటుంది కదా. అందులో మీరేం రాశారు? పాటలు వినడం, క్రికెట్ చూడటం, పుస్తకాలు చదవడం... నేనూ అవే రాశాను. నిజంగా అర్ధరాత్రి దాకా మేలుకుని చూసేది మాత్రం రాయలేదు. రాస్తే నవ్వుతారని భయం. ఇనుప రేకుని సుత్తితో కొట్టికొట్టి మధ్యయుగాల నాటి యూరప్ సైనికుల హెల్మెట్లు, ఛాతీ కవచాలు చేసే వీడియోలంటే నాకు పిచ్చి. పగలు ఏదో ఉద్యోగం, సాయంత్రం షెడ్డులో కవచాల పని, చేసింది ఎవరికైనా నచ్చితే అమ్మకం.. ఇలా బతికేవాళ్లు అమెరికాలో, యూరప్‌లో చాలామందే ఉన్నారు.

వీళ్ల గురించి చదువుకుంటూ పోతుంటే ఒక పేరు దగ్గర ఆగిపోయాను. బాష్‌ఫర్డ్ డీన్. 1867లో పుట్టి 1928లో పోయిన అమెరికన్. వృత్తి రీత్యా చేపల ప్రొఫెసర్. కానీ ఇవాళ కవచాలు అనగానే ఆ రంగంలో ముందుగా వినిపించే పేర్లలో ఆయనది ఒకటి. ‘హాబీ వల్ల ఏం లాభం?’ అని ఇంట్లో అడిగినప్పుడు జవాబు దొరక్క నీళ్లు నమిలిన ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సిన కథ ఇది.

ఒక హెల్మెట్‌తో మొదలు

డీన్ పుట్టింది న్యూయార్క్‌లో. ఇంకా బడి వయసు కూడా సరిగ్గా రాని రోజుల్లో, తెలిసినవాళ్ల ఇంట్లో ఒక పాత యూరప్ హెల్మెట్ చూశాడు. అంతే, దాన్ని వదల్లేదు. అటు తిప్పి ఇటు తిప్పి, ఏ భాగం ఎలా కదులుతుందో చూస్తూ కూర్చున్నాడట. పదేళ్లు వచ్చేసరికి వేలంలో రెండు పాత బాకులు కొనే స్థాయికి వచ్చాడు. ఆ వయసులో మనం గోళీలు, స్టాంపులు దాచుకుంటాం. ఆ అబ్బాయి బాకులు దాచాడు.

అలాగని చదువు పక్కన పెట్టలేదు. 1886లో న్యూయార్క్ సిటీ కాలేజీలో డిగ్రీ పూర్తయింది. అప్పటికి వయసు 18. నాలుగేళ్ల తర్వాత, 22 ఏళ్లకి, కొలంబియా నుంచి పీహెచ్‌డీ. తర్వాత అదే కొలంబియాలో పాఠాలు చెప్పి, జంతుశాస్త్రంలో ప్రొఫెసర్ అయ్యారు. 1895లో బతికున్న చేపల మీద, శిలాజాలైన చేపల మీద ఒక పుస్తకం రాశారు. అంటే ముందు చేతిలో గట్టి డిగ్రీ, గట్టి ఉద్యోగం. ఇష్టం ఎక్కడికీ పోలేదు, పక్కనే ఉంది.

చేపకీ కవచమే

ఇక్కడో తమాషా ఉంది. డీన్‌కి బాగా ఇష్టమైన చేపలు కూడా మామూలువి కావు. సుమారు 36 కోట్ల ఏళ్ల కిందట, ఇప్పటి ఒహాయో ప్రాంతాన్ని కప్పిన సముద్రంలో కొన్ని చేపలు తిరిగేవి. వాటి తల మీద, మెడ చుట్టూ దళసరి ఎముక పలకలు ఉండేవి. ఒక పలక మీద ఇంకో పలక, మధ్యలో కీలు. అచ్చం సైనికుడి కవచంలాగే! వాటి శిలాజాల్ని చదివిన ఆయన గురువు జాన్ న్యూబెరీ దగ్గరే డీన్ కూడా నేర్చుకున్నారు.

ఒక జంతు శాస్త్రవేత్త ఏం చేస్తాడు? ఒక్కో ఎముకా కొలుస్తాడు, బొమ్మ గీస్తాడు, ఏ జాతి నుంచి ఏ జాతి వచ్చిందో చెట్టులా చూపిస్తాడు. డీన్ సరిగ్గా ఇదే పద్ధతిని ఇనుము మీద పెట్టారు. ఏ శతాబ్దపు హెల్మెట్ తర్వాతి శతాబ్దంలో ఎలా మారింది, మెడ వెనక భాగం ఎప్పుడు కిందికి పెరిగింది, ముఖం మీది తలుపు ఎప్పుడు వచ్చింది.. ఇవన్నీ జీవుల వంశవృక్షంలా గీసి చూపించారు. అంతకుముందు చాలామంది ధనవంతులకి కవచాలంటే హాల్లో నిలబెట్టుకునే అలంకారం. డీన్‌కి అది డేటా.

ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే. ఆయన హాబీని ఉద్యోగం నుంచి విడదీయలేదు. ఉద్యోగంలో నేర్చుకున్న పద్ధతిని తెచ్చి హాబీకి పెట్టుబడిగా పెట్టారు.

వెళ్లింది చేపల కోసం

1900లో డీన్ జపాన్ వెళ్లారు. మిసాకి అనే ఊళ్లో సముద్ర తీరాన టోక్యో విశ్వవిద్యాలయానికి ఒక పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడ సొరచేపలకి దూరపు చుట్టాలైన అరుదైన చేపలు గుడ్డులో ఎలా పెరుగుతాయో చదవడం ఆయన పని. ఆ పని చేశారు, దాని మీద 1906లో పుస్తకమూ వచ్చింది.

అయితే అప్పటికి జపాన్‌లో సమురాయిల కాలం అయిపోయింది. 1876లో కత్తులు ధరించడాన్నే నిషేధించారు. తరతరాలుగా ఇళ్లలో ఉన్న కవచాలు అమ్మకానికి వచ్చాయి. డీన్ ఖాళీ దొరికినప్పుడల్లా వాటిని వెతికి, తెలుసుకుని, కొన్నారు. తిరిగొచ్చాక న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో జపాన్ కవచాల ప్రదర్శన పెట్టి, 1903లో దానికి కేటలాగ్ కూడా రాశారు.

మలుపు తిప్పింది ఆ కేటలాగే అనిపిస్తుంది నాకు. మరుసటి ఏడాది అదే మ్యూజియం ఫ్రాన్స్‌లోని డ్యూక్ ఆఫ్ డీనో నుంచి పెద్ద కవచాల సేకరణ కొంది. దాన్ని సర్ది, జాబితా రాయడానికి మనిషి కావాలి. ఎవర్ని పిలుస్తారు? ఇష్టం ఉన్నవాళ్లు ఊరంతా ఉంటారు. ఇష్టాన్ని రాతపూర్వకంగా చూపించినవాళ్లు కొద్దిమందే. డీన్‌ని పిలిచారు.

కొన్నేళ్లపాటు ఆయన రెండు పడవల మీద ప్రయాణం చేశారు. సెంట్రల్ పార్క్‌కి ఒక పక్క సహజ చరిత్ర మ్యూజియం, అక్కడ చేపలు. రెండో పక్క మెట్రోపాలిటన్, అక్కడ కవచాలు. ఈ రెండు మ్యూజియాల్లోనూ ఒకే కాలంలో పదవి చేసిన వ్యక్తి డీన్ ఒక్కరే అంటారు. చివరికి 1912లో మెట్రోపాలిటన్‌లో ఆయుధాలు, కవచాలకి విడిగా ఒక విభాగం ఏర్పడింది. మొదటి క్యూరేటర్ డీన్. అప్పటికి ఆయనకి 45 ఏళ్లు. మన లెక్కలో చెప్పాలంటే కెరీర్ మారడానికి వయసు దాటిపోయింది!

సుత్తి పట్టిన చెయ్యి

డీన్‌కి ఇంకో విషయం బాగా తెలుసు. కవచం గురించి పుస్తకాలు ఎన్ని చదివినా, దాన్ని చేసేవాడికి తెలిసింది వేరు. అందుకే మ్యూజియంలో ఒక వర్క్‌షాప్ పెట్టించి, 1909లో పారిస్ నుంచి డానియెల్ టషో అనే కవచాల పనివాణ్ని రప్పించారు. పాత కవచాలు బాగుచెయ్యడం, పోయిన ముక్కకి కొత్త ముక్క చెయ్యడం టషో పని.

ఆ పని ఎంత కష్టమో ఒక్క మాటలో చెబుతాను. ఇంజినీరింగ్ ఫస్టియర్ వర్క్‌షాప్‌లో టిన్ స్మితీ గుర్తుందా? జీఐ రేకుతో ట్రే, గరాటు చేస్తాం. అవి మడిస్తే వచ్చే ఆకారాలు. హెల్మెట్ అలా రాదు. సమతలంగా ఉన్న రేకుని అన్ని దిక్కులా వంగే గిన్నెలా మార్చాలి. హాస్టల్ వెనక నేనొకసారి ప్రయత్నించాను. పావుగంటలో అంచు చీలింది, దాంతో మా రూమ్మేట్‌కి ఏడాదికి సరిపడా జోకులు దొరికాయి. కొడుతూ ఉంటే ఇనుము గట్టిపడి పెళుసవుతుంది. మధ్యమధ్యలో ఎర్రగా కాల్చి, నెమ్మదిగా చల్లార్చి మెత్తబరచాలి. మెకానికల్ వాళ్లకి తెలిసిన ఎనీలింగే. పైగా పాత పనివాళ్లు దెబ్బ ఎక్కువ తగిలే నుదుటి దగ్గర లోహాన్ని మందంగా ఉంచి, పక్కల పలచన చేసేవారు. బరువు తగ్గాలి, రక్షణ తగ్గకూడదు. నిలువెత్తు యుద్ధ కవచం మొత్తం 20 నుంచి 25 కిలోలే ఉండేదంటే కారణం ఈ లెక్కే. ఆ బరువు కూడా ఒళ్లంతా పంచినట్టు ఉంటుంది కాబట్టి, వేసుకున్నవాడు పరిగెత్తగలడు, గుర్రం ఎక్కగలడు.

మ్యూజియానికి యుద్ధం వచ్చింది

1914లో మొదటి ప్రపంచ యుద్ధం. సైనికులు మొదట్లో గుడ్డ టోపీలు, తోలు టోపీలతో కందకాల్లోకి దిగారు. పైనుంచి పడే పేలుడు ముక్కలకి తలలు పగిలాయి. 1915లో ఫ్రాన్స్, బ్రిటన్, 1916లో జర్మనీ ఉక్కు హెల్మెట్లు తెచ్చాయి. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగింది. ఉక్కు తొడిగి మనిషిని కాపాడే విద్య తెలిసినవాడు ఎవరని వెతికితే మ్యూజియంలో ఉన్న చేపల ప్రొఫెసర్ కనిపించారు. డీన్‌ని సైన్యంలో మేజర్‌గా తీసుకున్నారు.

ఇక్కడే చేతిపని విలువ తెలిసింది. ఫ్యాక్టరీలో కొత్త హెల్మెట్ నొక్కాలంటే ముందు డై తయారుచెయ్యాలి. దానికి సమయం, డబ్బు కావాలి. డిజైన్ తప్పైతే రెండూ వృథా. టషో మాత్రం ఒకే ఒక్క హెల్మెట్‌ని సుత్తితో చేసి ఇవ్వగలడు. పెట్టుకుని చూడొచ్చు, మార్చి మళ్లీ చెయ్యొచ్చు. ఇవాళ మనం త్రీడీ ప్రింటర్‌తో చేసే ప్రోటోటైపింగ్‌ని 1917లో మ్యూజియం వర్క్‌షాప్‌లో దాగలి మీద చేశారన్నమాట. మ్యూజియంలోని పాత హెల్మెట్లని ముందు పెట్టుకుని, మెడ, చెవులు కూడా కప్పే కొత్త నమూనాలు వరసగా తయారుచేశారు. కొన్నిటిని పరీక్షల కోసం ఫోర్డ్ కంపెనీలో చేయించారు కూడా.

మరి సైన్యం తీసుకుందా? లేదు. బ్రిటిష్ పళ్లెం ఆకారపు హెల్మెట్టే అమెరికా సైన్యానికీ కొనసాగింది. డీన్ రెండో నమూనా చూడ్డానికి జర్మన్ హెల్మెట్‌లా ఉందన్నది ఒక పెద్ద అభ్యంతరం. యుద్ధరంగంలో మనవాడెవరో, శత్రువెవరో ఆకారం చూసే గుర్తుపట్టాలి కాబట్టి ఆ అభ్యంతరాన్ని కొట్టిపారెయ్యలేం. మిగతావి పరీక్షల్లో ఉండగానే యుద్ధం అయిపోయింది.

మీ ప్రాజెక్ట్ సెలెక్ట్ కాకపోతే ఏం చేస్తారు? ఫోల్డర్ డిలీట్ చేస్తాం, అంతేగా. డీన్ మాత్రం చేసినవి, విఫలమైనవి, ఎందుకు విఫలమయ్యాయో అన్నీ కలిపి 1920లో పుస్తకం వేశారు. ఆధునిక యుద్ధంలో హెల్మెట్లు, దేహ కవచాల మీద అది ఇప్పటికీ చదివే పుస్తకం. 1941లో అమెరికా సైన్యం తెచ్చిన ప్రసిద్ధ ఎం1 హెల్మెట్ డీన్ ఐదో నమూనాకి బాగా దగ్గరగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం మళ్లీ అదే మ్యూజియం వర్క్‌షాప్ సాయం తీసుకుంది. అప్పటికి డీన్ లేరు. ఆయన శిష్యుడు స్టీఫెన్ గ్రాన్సే ఆ కుర్చీలో ఉన్నారు.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి

డీన్ కలిగిన కుటుంబంలో పుట్టారు. వేలంలో కొనడానికి, దేశాలు తిరగడానికి డబ్బు ఉంది. 1926లో పాలస్తీనాలోని మోంట్‌ఫోర్ట్ అనే పాత కోటలో 13వ శతాబ్దపు కవచాలు దొరుకుతాయని తవ్వకాలు చేయించారు. దొరికినవి కొద్ది ముక్కలే. అంత ఖర్చయ్యే ఓటమి భరించే స్తోమత మనకి లేదు. ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ ఉన్నవాడికి ‘ఇష్టం వెంట పరిగెత్తు’ అని సలహా ఇవ్వడం తేలిక, అది నేను చెయ్యను.

కానీ ఆయన చేసిన వాటిలో పైసా ఖర్చు కాని పనులు కూడా ఉన్నాయి. అవి మనం తీసుకోవచ్చు.

ఒకటి, 1912 దాకా ఉద్యోగం వదల్లేదు. అవతలి పక్క కుర్చీ సిద్ధమయ్యాకే మారారు. అప్పుడు కూడా చేపల్ని మర్చిపోలేదు. చేపల మీద వచ్చిన రచనలన్నిటి జాబితా మూడు సంపుటాలుగా తెచ్చి, దానికి 1921లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పతకం అందుకున్నారు.

రెండు, చూసిన ప్రతిదాన్నీ కొలిచి, గీసి, రాసి పెట్టారు. మీరు బొమ్మలు గీసినా, పాత రేడియోలు బాగుచేసినా, రేకుతో కవచం చేసినా.. ఎన్ని గంటలు పట్టింది, ఎక్కడ చెడింది, మళ్లీ ఎలా చేశారు అన్నది రాసి ఉంచండి. అమ్మాలన్నా ఆ గంటల లెక్కే మీ ధరకి ఆధారం. ఇంటర్వ్యూలో చూపించడానికి కూడా అదే పోర్ట్‌ఫోలియో.

మూడు, తనకంటే చెయ్యి తిరిగిన పనివాణ్ని పక్కన పెట్టుకున్నారు. పీహెచ్‌డీ ఉందని టషోని తక్కువగా చూసి ఉంటే ఆ నమూనాలేవీ పుట్టేవి కావు. మీ ఊళ్లో వెల్డింగ్ షాపు అన్నకి తెలిసినది మీ సిలబస్‌లో లేకపోవచ్చు.

1928 డిసెంబరులో డీన్ చనిపోయారు. తన సొంత కవచాల కోసం ఇంటి దగ్గర ఒక హాలు కట్టించుకున్నారు, అది పూర్తయిందీ ఆ ఏడాదే. ఆయన సేకరణలో ముఖ్యమైనవి ఇప్పుడు ఆయన పేరుతోనే మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి.

ఈ ఆదివారం రెజ్యూమే తెరిచి ఆ హాబీస్ లైన్ ఒకసారి చూడండి. అక్కడ మీరు నిజంగా చేసే పని రాయండి, దానికింద మీ దగ్గరున్న రుజువు ఒక్కటి పెట్టండి. రుజువు లేకపోతే, ఆ పని ఆదివారమే మొదలుపెట్టండి. నేను నాది మార్చేశాను. అంచు చీలిన ఆ హెల్మెట్ ఫొటోతో సహా.