ఆగస్ట్ వోలర్

ఆగస్ట్ వోలర్ (జూన్ 22, 1819 - మార్చి 21, 1914) జర్మనీకి చెందిన రైల్వే ఇంజనీరు. లోహపు అలసటను, అనగా ఒకే భారం పదే పదే పడుటవలన లోహం క్రమంగా పగులుబారి విరిగిపోవుటను, ప్రయోగాల ద్వారా క్రమబద్ధంగా పరిశోధించిన తొలివారిలో అగ్రగణ్యుడు. ఈయన పరీక్షించినవి రైలు ఇరుసులే అయినా, నేడు విమానపు ల్యాండింగ్ గేర్ రూపకల్పనకు, తనిఖీకి ఆ ఫలితాలే మూలాధారం. యూరియాను కృత్రిమంగా తయారుచేసిన రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ వోలర్ వేరొకరు.

జననం, ఉద్యోగం

వోలర్ హానోవర్ రాజ్యంలోని సోల్టావ్‌లో ఒక ఉపాధ్యాయుని కుమారునిగా జన్మించాడు. హానోవర్‌లో సాంకేతిక విద్య పూర్తిచేసి, బెర్లిన్‌లోని బోర్జిగ్ రైలు ఇంజన్ల కర్మాగారంలో పనిచేశాడు. బెల్జియం వెళ్ళి ఇంజను నడుపుట నేర్చుకున్నాడు. 1847లో లోయర్ సైలీషియా రైల్వేలో ఇంజన్లకు, పెట్టెలకు, వర్క్‌షాపులకు ప్రధానాధికారి అయ్యాడు.

ఇరుసుల సమస్య

ఆ కాలంలో రైలు ఇరుసులు ఏ హెచ్చరికా లేకుండా విరిగిపోయేవి. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ నుండి పారిస్ వెళ్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగి, పెట్టెలు తగలబడి 50 మందికి పైగా మరణించారు. మృతులలో ప్రఖ్యాత నావికుడు డ్యూమాంట్ డర్విల్ కూడా ఉన్నాడు. కుదుపులకు ఇనుము స్వభావమే మారి స్ఫటికంలా పెళుసుబారుతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. ఈ నమ్మకం తప్పు.

ఇరుసు తిరుగుతున్నపుడు పైభాగం సాగుతుంది, క్రింది భాగం నొక్కుకుంటుంది. అర చుట్టు తిరగగానే రెండూ తారుమారవుతాయి. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపే ప్రతివారికీ ఈ సంగతి అనుభవమే. వోలర్ మొదట నడుస్తున్న రైలులో ఇరుసు ఎంత వంగుతున్నదో జింకు పలకపై గీత పడే పరికరంతో కొలిచాడు. తరువాత నమూనాలను భారంతో త్రిప్పే యంత్రాలను నిర్మించి, 1870 వరకు పరీక్షలు జరిపాడు. కొన్ని నమూనాలు కోట్ల ఆవర్తనాలు తిరిగాయి. ఒక్కసారి వేస్తే ఏమీ కాని భారం కూడా లక్షలసార్లు వేస్తే ఉక్కును విరుస్తుందని, గరిష్ఠ భారం కంటే హెచ్చుతగ్గుల మధ్య తేడాయే ముఖ్యమని, ఇరుసు మందం హఠాత్తుగా మారే పదునైన మూలలలోనే ప్రమాదం ఎక్కువని తేల్చాడు. ఉక్కుకు ఒక హద్దు ఉందని, దానికి లోబడిన భారాన్ని అది ఎన్నిసార్లైనా తట్టుకుంటుందని కూడా గమనించాడు.

విమానాలకు వర్తింపు

అల్యూమినియంకు అటువంటి స్పష్టమైన హద్దు లేదు. అందుచేత విమాన భాగాలకు ఆయుష్షు లెక్కగట్టవలసి వచ్చింది. ల్యాండింగ్ గేర్ విషయంలో గాలిలో గడిపిన గంటల కంటే నేలను తాకిన సంఖ్యే కీలకం. శిక్షణలో వాడే చిన్న విమానం గంటలోనే పలుమార్లు దిగి లేస్తుంది. నేర్చుకునేవారి దిగుడు మెత్తగా ఉండదు సరికదా. వెల్దుర్తికి పొరుగున ఉన్న మాచర్ల మండలంలోని విజయపురి సౌత్ విమానాశ్రయం ఇలాంటి శిక్షణకు ఉపయోగపడినదే. బోల్టు రంధ్రం వద్ద, తుప్పు గుంటలోనో పనిముట్టు గీతలోనో మొదలైన వెంట్రుకవాసి పగులు దిగిన ప్రతిసారీ కాస్త పెరుగుతుంది. మిగిలిన లోహం చాలనినాడు మామూలు దిగుడుకే కాలు విరుగుతుంది. ఆ చివరి పైలట్ తప్పేమీ ఉండకపోవచ్చు. విరిగిన ముఖంపై వరుస గీతలను చూసి నిపుణులు అలసటను గుర్తిస్తారు. రంగు ద్రవంతో, అయస్కాంత చూర్ణంతో పగుళ్ళను ముందే పట్టుకోవచ్చు.

భారతదేశంలో ఈ రంగంలో పేరొందిన ఎస్.ఆర్.వల్లూరి 1965 నుండి 1984 వరకు బెంగుళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లాబొరేటరీకి సంచాలకునిగా పనిచేశాడు.

చివరి సంవత్సరాలు

1874లో వోలర్ స్ట్రాస్‌బర్గ్‌లో ఆల్సేస్-లోరేన్ రైల్వే పాలకవర్గంలో చేరి, 1889లో విరమణ పొందాడు. ఇనుము, ఉక్కు నాణ్యతకు ప్రమాణాలు, ప్రభుత్వ పరీక్షాశాలలు ఉండాలని గట్టిగా వాదించాడు. ఫలితాలను ఆయన పట్టికలుగానే ప్రచురించాడు. వాటిని రేఖాచిత్రంగా గీసినది తరువాతివారు. అయినా ఆ రేఖకు వోలర్ రేఖ అన్న పేరే స్థిరపడింది. 1914లో హానోవర్‌లో 94వ ఏట మరణించాడు.